గంటలు మోసిన భుజములు



అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక పదునైదవ అధ్యాయములో ఒక దేశము పేరు రెండు మారులు వచ్చును. అది స్పెయిను. రోమాపట్టణపు విశ్వాసులను చూచి, వారి సాయముతో అక్కడికి పోవలెనని ఆయన ఆశించెను. మన కూటములలో ఆ అధ్యాయము చదువునప్పుడు ఆ పేరు దగ్గర ఎవరును ఆగరు. అది ఎట్టి దేశము, పౌలు ఆశించిన ఆ నేలలో క్రీస్తు నామము ధరించినవారు తరువాత ఏమి చేసిరి అని అడుగువారు అరుదు. ఈ నెల ఆ దేశపు దక్షిణ సీమకు మిమ్మును తీసికొనిపోవలెనని నా కోరిక. పైకము అక్కరలేదు, ఓడ అక్కరలేదు. పొలము పని ముగించుకొని అరుగు మీద కాసేపు కూర్చుండినచో చాలును.

ఆ సీమను అండలూసియా అందురు. దాని దక్షిణపు కొనను నిలువబడి చూచినచో సముద్రమునకు ఆవల ఆఫ్రికా కొండలు కనబడును. నడుమ నున్న జలసంధి ఇరుకైన చోట 14 కిలోమీటర్లే. 711వ సంవత్సరములో తారిక్ అను సేనాని ఆ నీటిని దాటి వచ్చెను. కొద్ది యేండ్లలో ఆ దేశములో ఎక్కువ భాగము ముసల్మానుల ఏలుబడి క్రిందికి వచ్చెను. ఆ సీమలో పారు పెద్ద నదిని నేటికిని గ్వాదల్కివీర్ అనియే పిలుచుచున్నారు. అరబ్బీ భాషలో ఆ పేరునకు ‘పెద్ద యేరు’ అని అర్థము. రాజులు మారిరి, మతము మారెను, ఏటి పేరు మాత్రము మారలేదు.

ఆ వచ్చినవారు కత్తులే కాక విత్తనములను కూడ తెచ్చిరి. వరి, చెరకు, నిమ్మ, నారింజ, ఇవన్నియు తూర్పు దేశములనుండి అరబ్బుల చేతులలో ఆ నేలకు చేరినవే. నారింజ అను మాటనే చూడుడు. మన సంస్కృతములో అది నారంగము. పారశీకులు నారంగ్ అనిరి, అరబ్బులు నారంజ్ అనిరి, స్పెయినువారు నేడు నారంహ అనుచున్నారు. మన పెరటి చెట్టు పేరు అంత దూరము నడిచిపోయినది! అక్కడి వీధులలోను, పెద్ద దేవాలయముల ముంగిళ్లలోను వరుసలుగా నారింజ చెట్లే. కాబట్టి మనము పరాయి దేశమునకు పోవుచున్నామని పూర్తిగా తలంపవద్దు.

కార్డోవా

మొదట కార్డోవా పట్టణమునకు పోవుదము. ఏటి ఒడ్డున ఎత్తైన గోడల నడుమ ఒక గొప్ప కట్టడము కలదు. నారింజ చెట్ల ముంగిలి దాటి లోపల అడుగిడగానే స్తంభముల తోటలోనికి వచ్చినట్లుండును. ఎటు చూచినను స్తంభములే. అవి 850కి పైగా కలవు. వాటి మీద ఎఱ్ఱ ఇటుక, తెల్లరాయి ఒకదాని తరువాత ఒకటి పేర్చిన కమానులు రెండేసి వరుసలుగా నిలిచియున్నవి. అబ్దుర్ రహమాన్ అను పాలకుడు సుమారు 785లో దీనిని మసీదుగా కట్ట నారంభించెను. అక్కడ అంతకుముందు ఒక క్రైస్తవాలయముండెనని పాత చరిత్రకారులు వ్రాసిరి. నేటి పండితులు ఆ సంగతిని గూర్చి ఇంకను వాదించుచున్నారు. స్తంభములలో అనేకము మాత్రము రోమీయుల నాటి కట్టడములనుండి తెచ్చి నిలిపినవే.

తరువాత వచ్చిన పాలకులు మూడు మారులు దానిని పెంచిరి. ప్రార్థన దిక్కును చూపు గోడలోని గూటి మీద బంగారు వన్నె గాజుముక్కలతో చేసిన చిత్రపు పని యున్నది. ఆ పనికి కావలసిన గాజురాళ్లను, వాటిని పొదుగు నేర్పరిని పంపినది ఎవరో ఎరుగుదురా? కాన్‌స్టాంటినోపిలు పట్టణపు క్రైస్తవ చక్రవర్తి. ఆ దినములలో కార్డోవా యూరపులోని పెద్ద పట్టణములలో ఒకటి. రాజు కొలువులో హస్దాయి అను యూదుడు వైద్యుడుగాను మంత్రాంగము తెలిసినవాడుగాను ఉండెను. రెసెముండు అను క్రైస్తవుడు రాజు పక్షమున జర్మను చక్రవర్తి యొద్దకు రాయబారిగా పోయెను. అట్లని అది స్వర్గము కాదు. క్రైస్తవులును యూదులును తలపన్ను కట్టుకొని తలవంచి బ్రదుకవలెను. 850 మొదలు 859 వరకు ఇస్లామును బహిరంగముగా దూషించిరనియు, విడిచిరనియు 48 మంది క్రైస్తవులు ఆ పట్టణములో చంపబడిరి. తరువాతి కాలములో ఆఫ్రికానుండి వచ్చిన అల్మొహదులు మరింత కఠినులు. కార్డోవాలో పుట్టిన గొప్ప యూద పండితుడు మైమొనిదీసు వారి కాలములోనే కుటుంబముతో కూడ ఊరు విడిచిపోవలసివచ్చెను.

ఇప్పుడు మీకొక సంగతి చెప్పవలెను. దీనికొరకే ఈ వ్యాసమునకు ఈ పేరు పెట్టితిని. 997లో కార్డోవా రాజ్యమును నడుపుచున్న అల్మన్సూరు అను సేనాని దేశపు ఉత్తరపు కొనవరకు దండెత్తి పోయి, సాంతియాగో అను క్రైస్తవ యాత్రాస్థలమును కొల్లగొట్టెను. అక్కడి దేవాలయపు గంటలను దింపించి, చెరపట్టిన క్రైస్తవుల భుజములమీద కార్డోవా వరకు మోయించెనని చరిత్రకారులు వ్రాసిరి. ఆ గంటలు మసీదులో దీపములుగా వ్రేలాడెను. 239 సంవత్సరములు గడచెను. 1236లో మూడవ ఫెర్డినాండు అను క్రైస్తవ రాజు కార్డోవాను పట్టుకొనెను. అతడు ఆ గంటలను వెదకించి, ఈ మారు చెరపట్టిన ముసల్మానుల భుజములమీద సాంతియాగోకు మోయించెను.

చదువరులారా, ఇక్కడ ఒక్క నిమిషము ఆగుదము. పోయిన గంటలు తిరిగివచ్చెనని మన మనస్సు మొదట సంతోషించును. నేను మొదట చదివినప్పుడు నాకును అట్లే తోచినది. కాని మోసినవారి భుజములను తలంచుడు. ముందు మోసిన క్రైస్తవుడు ఏ నేరము చేసెను? తరువాత మోసిన ముసల్మాను, 239 ఏండ్ల క్రిందటి దోపిడికి ఏ విధముగా బాధ్యుడు? గంటల బరువు ఒక్కటే, దారి ఒక్కటే, చెమట ఒక్కటే. మారినది మోయువాని మతము మాత్రమే. శత్రువు చేసినదానిని తిరిగి చేయుటకు రాజు చాలును. సువార్త అక్కరలేదు.

ఆ మసీదు దేవాలయమాయెను. మూడు వందల ఏండ్ల వరకు ఆ కట్టడమును చాల భాగము ఉన్నది ఉన్నట్లే వాడుకొనిరి. 1523లో అక్కడి బిషప్పు నడిమి స్తంభములను పడగొట్టించి, ఆ చోట ఎత్తైన క్రొత్త దేవాలయమును లేపదలచెను. ఊరి సభవారు ఒప్పుకొనలేదు. పడగొట్టుటకు చేయి వేసిన పనివానికి మరణశిక్షయని చాటించిరి. వారు క్రైస్తవులే సుమా! తగవు చక్రవర్తియైన అయిదవ చార్లెసు వద్దకు పోగా, అతడు ఆ కట్టడమును చూడకయే బిషప్పు పక్షమున తీర్పు చెప్పెను. తరువాత వచ్చి చూచి నొచ్చుకొనెనని చెప్పుదురు. నేడు చూడబోయినవారు ఆ స్తంభముల అడవి నడుమ అకస్మాత్తుగా లేచిన దేవాలయమును చూచి, ఏమనవలెనో తెలియక నిలిచిపోవుదురు.

గ్రనాడా

కార్డోవాకు ఆగ్నేయముగా మంచుకొండల పాదమున గ్రనాడా యున్నది. ఆ కొండల మీద మంచు, క్రింద పచ్చని మాగాణము. ఊరిపైన ఎఱ్ఱమట్టి కొండమీద అల్హాంబ్రా అను కోట నిలిచియున్నది. ఆ మాటకు ‘ఎఱ్ఱనిది’ అని అర్థము. కార్డోవా, సెవిల్లె పోయిన తరువాత కూడ ముసల్మానుల చేతిలో మిగిలిన చివరి రాజ్యమిదే. ఏటా 20 లక్షలకు మించిన జనులు దానిని చూడ వచ్చుచున్నారు. రైతులైన మీకు అక్కడ అన్నిటికంటె నచ్చునది నీరు. దార్రో అను ఏటికి సుమారు 6 కిలోమీటర్ల ఎగువను కట్టవేసి, కొండవాలు వెంబడి కాలువ త్రవ్వి, కోటలోనికి నీరు తెచ్చిరి. పంపు లేదు, యంత్రము లేదు. వాటము చూచి త్రవ్విన కాలువ మాత్రమే. ఆ నీరే పన్నెండు రాతి సింహముల నోళ్ల నుండి కారుచు, చలువరాతి ముంగిలిలో నాలుగు దిక్కులకు పారుచున్నది.

ఆ కోట గోడలమీద ఒక్క మాట వందలకొలది మారులు చెక్కబడియున్నది. దేవుడు తప్ప జయించువాడు లేడని దాని భావము. 1492 జనవరి 2వ తేదీన ఆ కోట తాళములు ఫెర్డినాండు రాజునకు, ఇసబెల్లా రాణికి అప్పగింపబడెను. ఈ ఫెర్డినాండు వేరొకడు, రెండు వందల ఏండ్లకు పైగా తరువాతివాడు. అంతకు ముందు, 1491 నవంబరు 25న, వారొక ఒడంబడిక వ్రాసి చేవ్రాలు చేసిరి. గ్రనాడా ముసల్మానులు తమ మతములో ఉండవచ్చును, వారి మసీదులు వారివి, వారి తగవులు వారి న్యాయాధిపతులే తీర్చుకొందురు, ఎవరిని బలవంతముగా క్రైస్తవులను చేయరాదు. ఈ మాటలను నమ్మియే జనులు ద్వారములు తెరచిరి.

ఆ మాటలు ఎన్నాళ్లు నిలిచెను? ముందుగా దెబ్బ యూదులకు తగిలెను. కోట చేతికి వచ్చి మూడు నెలలైనను నిండకముందే, 1492 మార్చి 31న, ఆ అల్హాంబ్రాలోనే రాజును రాణియు ఒక ఆజ్ఞ వ్రాయించిరి. బాప్తిస్మము పొందని యూదులందరు జూలై మాసాంతములోగా దేశము విడిచిపోవలెను. వేలకొలది కుటుంబములు ఇండ్లను, తోటలను దొరికిన వెలకు అమ్ముకొని, పిల్లలను ఎత్తుకొని ఓడరేవులకు నడిచిరి. దేవుడు తప్ప జయించువాడు లేడని వ్రాసియున్న గోడల నడుమ కూర్చుండి, జయించినవారు చేసిన మొదటి పని ఇది.

ముసల్మానుల విషయములో కొన్నాళ్లు వేరుగా జరిగెను. దానికి కారణము ఒక కాపరి. ఎర్నాండో దె తలవేరా అను సన్యాసి గ్రనాడాకు మొదటి ఆర్చిబిషప్పు ఆయెను. అప్పటికే ఆయనకు అరువది దాటినవి. ఆ వయస్సులో ఆయన అరబ్బీ నేర్చుకొన పూనుకొనెను. తన క్రింది గురువులను కూడ నేర్చుకొనుడని ప్రోత్సహించెను. ఆ పనికొరకే అరబ్బీ వ్యాకరణము, నిఘంటువు సిద్ధపరచబడి 1505లో అచ్చుపడెను. ఆయన పేదల యిండ్లకు పోవును, బోధించును, బ్రతిమాలును. బలవంతము మాత్రము చేయడు. జనుల పాటలను, వాద్యములను ఆరాధనలోనికి రానిచ్చెను. ముసల్మానులు తమ మతబోధకులను పిలుచు పేరుతోనే ఆయనను ‘పరిశుద్ధుడైన ఫకీహు’ అని పిలిచిరి. కాని ఈ విధముగా వచ్చువారి లెక్క తక్కువ, పని నిదానము.

1499లో రాజును రాణియు గ్రనాడాకు వచ్చి చూచినప్పుడు ఆ నిదానము కొందరికి నచ్చలేదు. టొలీడో ఆర్చిబిషప్పైన సిస్నేరోసు ఆ పనికి పూనుకొనెను. ఈ పేరును నేను వేదాంత పాఠశాలలో గౌరవముతో విన్నాను. హెబ్రీ, గ్రీకు, లాటిను భాషలలో బైబిలును ప్రక్కప్రక్కనే అచ్చువేయించిన గొప్ప పండిత పోషకుడు ఆయనే. ఆయన అచ్చుకూటములో 1514లో గ్రీకు నూతన నిబంధన ముద్రింపబడెను. మా ఉపాధ్యాయులు చెప్పినది నిజమే. కాని గ్రనాడాలో ఆయన చేసినది చాల యేండ్ల తరువాత చదివి, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెద్దలకు కానుకలు, లొంగనివారికి చెర. ఒక్క దినమున 3,000 మందికి బాప్తిస్మమిచ్చెనని వ్రాయబడియున్నది. పెంతెకొస్తు దినమున చేర్చబడిన వారి లెక్కయు అదియే. లెక్క ఒక్కటైనంత మాత్రమున ఆత్మ ఒక్కటి కాదు గదా! ఊరి నడిబొడ్డున బీబ్‌రంబ్లా అను బజారులో అరబ్బీ గ్రంథములను కుప్పపోయించి కాల్పించెను. వైద్యగ్రంథములను మాత్రము ఏరి తన విద్యాలయమునకు పంపెను.

ఆ డిసెంబరులో అల్బయిసిన్ అను ముసల్మానుల పేట తిరుగబడెను. కోపించిన గుంపు సిస్నేరోసు దిగిన యింటిని చుట్టుముట్టెను. అప్పుడు ముసలివాడైన తలవేరా ఆయుధము లేకుండ, సిలువ పట్టుకొనిన ఒక్క గురువును వెంటబెట్టుకొని, ఆ పేటలోనికి నడిచిపోయెను. ఆయనను చూచి జనులు శాంతించి, ఆయన అంగీ అంచును ముద్దుపెట్టుకొనిరని ఆ కాలపు చరిత్ర చెప్పుచున్నది. పట్టణపు అధికారి తెందీయా ప్రభువు తన భార్యను బిడ్డలను ఆ పేటలోనే ఒక యింట పూచీగా నిలిపెను. మాటను నమ్మించుటకు తన స్వంత బిడ్డలను పెట్టెను, చూడుడు.

కాని గెలిచినది సిస్నేరోసు మాటయే. తిరుగుబాటు చేసిరి గనుక ఒడంబడిక చెల్లదనిరి. బాప్తిస్మమో శిక్షయో కోరుకొనుడనిరి. 1502 నాటికి ఆ రాజ్యమంతటను ముసల్మానులుగా ఉండుటకే వీలు లేకపోయెను. తలవేరా గతి ఏమాయెను? ఆయన పూర్వికులలో యూదులున్నారను మాట పట్టుకొని మతవిచారణ సభవారు ఆయన మీదనే నేరము మోపిరి, ఆయన బంధువులను చెరలో వేసిరి. పోపు ఆయనను నిర్దోషియని తేల్చెను గాని, 1507లో ఆ వృద్ధుడు కన్ను మూసెను.

గ్రనాడాలో ఇసబెల్లాయు ఫెర్డినాండును పాతిపెట్టబడిన ఆలయములో, బలిపీఠము వెనుక కొయ్యమీద ఒక చిత్రము చెక్కబడియున్నది. గురువు తొట్టి యొద్ద నిలిచియున్నాడు. ముసుగులు వేసికొనిన స్త్రీలు, తలలు వంచిన పురుషులు గుంపుగా వచ్చి బాప్తిస్మము పొందుచున్నారు. చెక్కినవాడు దానిని జయముగా చెక్కెను. ఆ ముఖములలో జయమెవరిది?

వారి మనుమల, మునిమనుమల కథ వినుడు. 1567లో రాజు వారికి అరబ్బీ మాట్లాడరాదనెను, వారి దుస్తులు వేయరాదనెను, స్నానశాలలు వాడరాదనెను. వారిలో వృద్ధుడైన ఫ్రాన్సిస్కో నూన్యెస్ ములేయ్, బాల్యములో తలవేరా యింట సేవచేసినవాడు, ఒక విన్నపము వ్రాసెను. తూర్పు దేశములలోని క్రైస్తవులు అరబ్బీ మాట్లాడుచు క్రైస్తవులుగానే ఉన్నారే, భాషకును విశ్వాసమునకును ఏమి విరోధమని ఆయన వాదము. తెలుగు కీర్తనలను తాళముతో పాడుకొను మనకు ఆ ముసలాయన మాట తేటగా తెలియును. దొరలకు తెలియలేదు. 1568లో కొండలలో తిరుగుబాటు పుట్టెను. అది అణగిన తరువాత ఆ జనమును దేశమంతట చెదరగొట్టిరి. 1609 మొదలు 1614 వరకు సుమారు 3 లక్షలమందిని ఓడలెక్కించి దేశమునుండి వెళ్లగొట్టిరి. వారందరు బాప్తిస్మము పొందినవారే! బలవంతముగా ఇచ్చిన బాప్తిస్మమును ఇచ్చినవారే నమ్మలేకపోయిరి.

సెవిల్లె

మరల పెద్ద యేటి వెంబడి క్రిందికి పోయినచో సెవిల్లె వచ్చును. అక్కడ హిరాల్దా అను గోపురము 100 మీటర్లకు మించిన ఎత్తున నిలిచియున్నది. దాని క్రింది భాగము 1198లో ముగిసిన మసీదు గోపురము, పైభాగము 1568లో చేర్చిన గంటల గది. లోపల మెట్లు లేవు, గుఱ్ఱముమీద ఎక్కదగిన ఏటవాలు దారి యున్నది. గోపురము ప్రక్కనున్న దేవాలయములో, సాంతియాగో గంటలను తిరిగి మోయించిన ఆ మూడవ ఫెర్డినాండు సమాధి కలదు. అతని కుమారుడు ఆ సమాధిమీద లాటినులోను, కస్తీలియను భాషలోను, అరబ్బీలోను, హెబ్రీలోను పలుకులు చెక్కించెను. ఒక్క సమాధిమీద నాలుగు భాషలు! ఆ రాతిమీద కలిసినట్లు ఆ జనములు నేలమీద కలిసియుండినచో ఎంత బాగుండెడిది.

కలియనీయలేదు. 1391లో ఒక గురువు చేసిన ద్వేషపూరితమైన ప్రసంగముల ఫలితముగా సెవిల్లెలో యూదుల పేటమీద గుంపులు పడి అనేకులను చంపిరి. 1481లో మతవిచారణ సభ తన మొదటి మంటను ఈ ఊరిలోనే వేసి ఆరుగురిని కాల్చెను. ఏటికి ఆవలి ఒడ్డున త్రియానా అను పేటలో ఆ సభవారి కోట యుండెను. నేడు దాని పునాదులమీద కూరగాయలు, చేపలు అమ్ము బజారున్నది. దాని క్రింద చెరసాల గోడలను జనులు చూచుటకు తెరచియుంచిరి.

యూదులకొరకు వేసిన మంట, అరబ్బీ పుస్తకములకొరకు వేసిన మంట, తరువాత ఎవరి యింటికి వచ్చెను? సెవిల్లెకు కొద్ది దూరములో శాంతిపోన్సె అను పల్లె, అక్కడ సాన్ ఇసిదోరో అను మఠము కలవు. ఆ మఠములోని సన్యాసులు స్వభాషలో లేఖనములను చదువ నారంభించిరి. హూలియన్ అను పొట్టి మనుష్యుడు జెనీవానుండి స్పెయిను భాషలోని నూతన నిబంధనలను పీపాలలో దాచి సెవిల్లెకు చేర్చెను. 1557లో ఆ సంగతి బయటపడెను. కొందరు సన్యాసులు పారిపోయిరి, మిగిలినవారు త్రియానా చెరలో పడిరి. 1559లోను, 1560లోను బహిరంగముగా తీర్పులు జరిగెను. 1560 డిసెంబరు 22న హూలియన్ కాల్చబడెను. సెవిల్లె దేవాలయములో ప్రసంగించిన కొన్‌స్తంతీనో అను పండితుడు చెరలోనే చనిపోగా, ఆయన ఎముకలను త్రవ్వితీసి కాల్చిరి.

మంటకు హెబ్రీ, అరబ్బీ, స్పెయిను భాషల భేదము తెలియదు. పొరుగువాని గ్రంథమును కాల్చుటకు చేయి అలవాటు పడినప్పుడు, అది దేవుని గ్రంథము నొద్ద ఆగలేదు. ఇదియే ఆ దేశపు రాళ్లు నాకు చెప్పిన మాట.

అయినను దేవుని పని ఆగలేదు. పారిపోయిన సన్యాసులలో కసియోదోరో దె రెయినా అనువాడు పరదేశములలో తిరుగుచు, పండ్రెండేండ్లు కష్టించి, 1569లో బాసెలు పట్టణములో స్పెయిను భాషలో సంపూర్ణ బైబిలును అచ్చువేయించెను. మొదటి పుటలో తేనెకొరకు చెట్టునకు నిక్కుచున్న ఎలుగుబంటి బొమ్మ యుండుటచే దానిని ఎలుగుబంటి బైబిలు అందురు. అదే మఠమునుండి పారిపోయిన సిప్రియానో దె వలేరా దానిని సవరించి 1602లో మరల అచ్చువేయించెను. నేటికిని స్పెయిను భాష మాట్లాడు ప్రొటెస్టంటు సంఘములలో ఎక్కువగా చదువబడునది ఆ ఇద్దరి పేరనున్న బైబిలే. కత్తి పట్టినవారి కోట కూరగాయల బజారు క్రింద నున్నది. పీపాలలో దాగి వచ్చిన వాక్యము కోట్ల ఇండ్లలో నున్నది.

మనకేమి?

‘అయ్యగారూ, ఎక్కడో అయిదు వందల యేండ్ల క్రిందట రాజులు చేసినది మాకెందుకు?’ అని మీరడుగవచ్చును. మనకు రాజ్యములు లేవు, నిజమే. మన సంఘములు చిన్నవి, పేదవి. కాని అధికారము రాజ్యముగానే రాదు. ఒకనికి సంఘపెద్దరికముగా వచ్చును, ఒకనికి కూలి ఇచ్చు చేయిగా వచ్చును, ఒక అత్తకు క్రొత్త కోడలిమీద వచ్చును. మనకంటె బలహీనుడు మన చేతిలోనికి వచ్చిన దినమున మనము తలవేరాలమో సిస్నేరోసులమో తేలును.

నా తప్పు నేను ఒప్పుకొందును. నేను క్రొత్తగా కాపరినైన దినములలో సంవత్సరాంతపు లెక్కలో సంఖ్య పెరుగవలెనని తొందరపడితిని. ఒక పల్లెలో ఒక వృద్ధునికి సరిగా బోధింపకయే, అందరితోపాటు చెరువులో దింపి బాప్తిస్మమిచ్చితిని. తరువాత ఆయన ఆరాధనకు రాలేదు. ఎందుకు రావు తాతా అని అడిగితిని. ‘మునగమన్నారు, మునిగాను అయ్యగారూ. ఎందుకో చెప్పలేదు గదా’ అనెను. ఆయనలో కోపము లేదు. అందుచేతనే ఆ మాట నన్ను ఇంకను పొడుచుచున్నది. తరువాత ఆరు నెలలు ప్రతి వారము ఆయన అరుగు మీద కూర్చుండి చెప్పితిని. అది ముందు చేయవలసిన పని.

మన తెలుగు దేశములో వేరొక మాదిరి కూడ నున్నది. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చినప్పుడు ఒంగోలులోని క్లౌ దొరగారు జనులకు కాలువ పని చూపి కూలి ఇప్పించుచు, ఆ కాలములో బాప్తిస్మము కోరివచ్చినవారిని ఆగుడనిరి. కూటికొరకు వచ్చిరను మాట రాకూడదని ఆయన తలంపు. సహాయపు పని ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. సంఖ్య తప్పు కాదు. దానికి ముందు ఆగిన ఆ ఓపికయే దాని విలువ.

స్పెయిను కూడ తన తప్పును కొంత తెలిసికొనినది. యూదులను వెళ్లగొట్టిన ఆజ్ఞను 1968లో రద్దుచేసిరి. 2015లో వారి సంతతివారికి పౌరసత్వమిచ్చు చట్టము చేసిరి, దాని గడువు 2019లో ముగిసెను. తలవేరా నిరాయుధుడై నడిచిన ఆ అల్బయిసిన్ పేటలో 2003లో, అల్హాంబ్రాకు ఎదురుగా, ఒక క్రొత్త మసీదు తెరువబడెను. ఒక మాట తప్పుట ఒక్క దినపు పని. దానిని సరిచేయుటకు అయిదు వందల యేండ్లును చాలలేదు.

వసంతకాలమున సెవిల్లె వీధులన్నియు నారింజ పూల వాసనతో నిండునట. ఆ వీధి చెట్ల పండ్లు చేదు, పచ్చివి తినలేరు. ఆ చెట్టును ఆ నేలకు తెచ్చినవారి సంతతిని వెళ్లగొట్టిరి. చెట్టును మాత్రము ఎవరును వెళ్లగొట్టలేదు, అది ఎవరినని అడుగక అందరికి పూయుచున్నది. వచ్చే మారు మీరు రోమీయులకు వ్రాసిన పత్రిక పదునైదవ అధ్యాయము చదువునప్పుడు, స్పెయిను అను పేరు దగ్గర కొంచెము ఆగుడు. గంటలు మోసిన ఆ రెండు తరముల భుజములను తలంచుకొనుడు. మీ ఊరిలో మీ బరువును ఎవరి భుజములమీదనైన పెట్టితిరేమో చూచుకొని, ఉన్నయెడల ఈ రాత్రియే దింపుడు.